బడికి మార్కులు వేసేదెవరు?

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2016 సంవత్సరానికి ప్రపంచంలో మొదటి ర్యాంకు కొట్టింది. ఏడాదికి యాభై లక్షల నుంచి కోటిన్నర మంది దాకా ప్రయాణికులు వచ్చిపోయే విమానాశ్రయాల విభాగంలో ఎయిర్‌పోర్ట్స్ కౌన్సిల్ ఇంటర్నేషనల్ ఇచ్చిన ర్యాంకు అది. మార్కులు వేసింది మాత్రం ప్రయాణికులు. విమానం ఎక్కే రోజునే, విమానాశ్రయంలోనే వాళ్లను పలకరించి అడుగుతారు: చెక్-ఇన్ దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయా, సిబ్బంది మర్యాదగా మాట్లాడారా? విమానాశ్రయాన్ని నడిపే సంస్థ తన గురించి తాను ఏం చెప్పుకున్నా ఆ లెక్కలోకి రాదు.

ప్రహరీ అవతల ఊళ్లలో ఉన్న సర్కారు బళ్ల సంగతి వేరు. మరుగుదొడ్లు ఉన్నాయా, ఉంటే వాడుకలో ఉన్నాయా, తాగునీళ్లు వస్తున్నాయా, పిల్లలెందరు, టీచర్లెందరు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు నింపేది ఆ బడి హెడ్మాస్టరే. అవే జవాబులు మండలం దాటి, జిల్లా దాటి, రాష్ట్రం దాటి ఢిల్లీ చేరతాయి. అక్కణ్నుంచి గ్రేడ్లయి, ర్యాంకులయి, అవార్డులయి తిరిగొస్తాయి. తన పేపరు తానే దిద్దుకున్నట్టన్నమాట.

ప్రభుత్వ బడి పనితీరును రాష్ట్రస్థాయిలో కొలవడానికి మూడు దశాబ్దాలుగా జరిగిన ప్రయత్నాలను వరసగా పెట్టి చూస్తే రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. కొలుస్తున్నదెవరు? ఎక్కడి నుంచి కొలుస్తున్నారు? మొదటిది నమ్మకానికి సంబంధించింది, రెండోది న్యాయానికి. ఈ రెండూ తేలకుండా ఇచ్చే ర్యాంకు పత్రికల్లో పతాక శీర్షికకు పనికొస్తుందేమో గానీ, మూడో తరగతి పిల్లవాడికి చదవడం రాలేదని తెలిసిన టీచరుకు అక్కరకు రాదు.

పదకొండు అంకెల చిరునామా

హెడ్మాస్టరు నింపే ఆ జవాబులు చేరేది యూడైస్ అనే జాతీయ సమాచార వ్యవస్థలోకి. అందులో దేశంలోని ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణ బళ్ల కోడ్ 36తో, ఆంధ్రప్రదేశ్ బళ్ల కోడ్ 28తో మొదలవుతుంది. ఆ తర్వాత జిల్లా, మండలం, ఊరు, చివరికి బడి. జిల్లా ప్రాథమిక విద్యా పథకం రోజుల్లో, 1994-95లో, డైస్ పేరుతో పుట్టిన ఈ ఏర్పాటు 2012-13లో యూడైస్‌గా, 2018-19లో ఆన్‌లైన్‌కు మారి యూడైస్ ప్లస్‌గా ఎదిగింది. 2022-23 నుంచి బడి మొత్తానికి ఒక అంకె వేసి ఊరుకోవడం కుదరడం లేదు. ప్రతి విద్యార్థి వివరాలూ విడివిడిగా ఎక్కించాలి. ప్రతి పిల్లవాడికీ పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది.

వీటిని ఎక్కించే పని చిన్న బడిలో ఎలా సాగుతుందో మండల స్థాయిలో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాలలో ఒకరు మీటింగుకు పోతే రెండోవారే ఐదు తరగతులూ చూసుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, ముఖ గుర్తింపు యాప్‌లో హాజరు వేయాలి. ఈ యాప్ తెలంగాణ బళ్లలోకి 2023లో పిల్లల కోసం వచ్చింది, 2025లో టీచర్లకూ వర్తించింది. యూడైస్ గడువు దగ్గర పడ్డాక మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులో పెండింగ్ బళ్ల జాబితా పడుతుంది. క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్పీ) వచ్చి పక్కన కూర్చుంటే పని కాస్త త్వరగా తెములుతుంది. బడిలో ఒక తరగతి పిల్లలు నిజంగా ఎంత నేర్చారో మాత్రం ఆ ఫారం చెప్పదు.

అలాగని యూడైస్‌ను తీసిపారేయలేం. ఒక్క పిల్లవాడు కూడా లేని బళ్లు 2024-25లో తెలంగాణలో 2,245 ఉన్నాయని బయటపెట్టింది ఇదే. ఈ విషయంలో తెలంగాణకు ముందున్నది 3,812 బళ్లతో పశ్చిమ బెంగాల్ ఒక్కటే. ఇంత పెద్ద సంగతి మరో దారిలో ఇంత కచ్చితంగా తెలిసేది కాదు. బడి ఉందా, గది ఉందా, టీచరు ఉన్నాడా అన్నంత వరకు యూడైస్ బాగానే చెబుతుంది. చదువు సంగతి దాన్ని అడిగితేనే చిక్కు.

కొలబద్ద మారితే కూలిన ర్యాంకులు

యూడైస్ అంకెలను ముడిసరుకుగా తీసుకుని రాష్ట్రాలకు మార్కులు వేసేది కేంద్ర విద్యాశాఖ పనితీరు గ్రేడింగ్ సూచీ. అందరూ పీజీఐ అంటారు. 2017-18తో మొదలైంది. 70 సూచికలు, వెయ్యి మార్కులు. వెయ్యిలో అభ్యసన ఫలితాలకు, అంటే పిల్లలు నిజంగా నేర్చుకున్నదానికి, ఇచ్చింది 180. పాలనా ప్రక్రియలకు 360. డేటా సకాలంలో పంపారా, హాజరు ఆన్‌లైన్‌లో వేస్తున్నారా, నిధులు ఎన్ని రోజుల్లో విడుదలయ్యాయి అన్నవాటికి చదువు కంటే రెట్టింపు బరువు పడింది. పైగా చదువు మార్కులకు ఆధారం 2017 నాటి జాతీయ సాధన సర్వే. కొత్త సర్వే రాకపోవడంతో ఆ తర్వాతి నివేదికల్లోనూ అవే పాత అంకెలు నడిచాయి. ఏడాదికేడాది పైకి ఎగబాకిన రాష్ట్రాలు ఎక్కడ ఎగబాకాయో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ఆ పద్ధతిలో 2020-21లో కేరళ, మహారాష్ట్ర, పంజాబ్ మూడూ 928 మార్కులు తెచ్చుకున్నాయి. మరుసటి ఏడాది కేంద్రం పీజీఐ 2.0 తెచ్చింది. పాలనా ప్రక్రియల బరువును 130కి తగ్గించి, అభ్యసనానికి 240 ఇచ్చి, టీచర్ల శిక్షణను విడిగా చేర్చింది. అంతే, 2021-22లో దేశంలో ఏ ఒక్క రాష్ట్రమూ పై ఐదు గ్రేడ్లలో నిలవలేకపోయింది. అందరికంటే ముందున్న పంజాబ్, చండీగఢ్‌లు 641-700 మధ్య గ్రేడుతో సరిపెట్టుకున్నాయి. 2023-24లో మొదటి స్థానంలో ఉన్న చండీగఢ్ స్కోరు 703.

ఒక్క ఏడాదిలో పంజాబ్ బళ్లు కూలిపోలేదు. ముందటి ఏడాది ఆకాశానికి ఎగరనూ లేదు. కొలబద్ద మారింది. రాష్ట్రం ర్యాంకు గురించి శాసనసభలో జరిగే చర్చల్లో ఈ ఒక్క మాట వినిపిస్తే సగం కొట్లాటలు తగ్గుతాయి.

నీతి ఆయోగ్ 2019 సెప్టెంబర్ 30న విడుదల చేసిన పాఠశాల విద్యా నాణ్యతా సూచీ ఇంకో ప్రయత్నం. 30 సూచికలతో పెద్ద రాష్ట్రాల్లో కేరళకు 76.6 శాతం, ఉత్తరప్రదేశ్‌కు 36.4 శాతం వేసింది. ఒకే దేశంలో దాదాపు ఒకే కాలానికి రెండు ప్రభుత్వ సంస్థలు రెండు కొలతలు తీయడంతో ఎవరికి నచ్చిన ర్యాంకు వాళ్లు చెప్పుకునే వీలు కలిగింది.

మూడో తరగతి పిల్లవాడి ఎదుట కూర్చుంటే

పిల్లవాడు నేర్చుకున్నదాన్ని నేరుగా కొలిచే సర్వేలు మన దగ్గర రెండు రకాలు. ఒకటి బడిలో జరిగేది, రెండోది ఇంటి దగ్గర జరిగేది.

బడిలో జరిగేది జాతీయ సాధన సర్వే, వాడుకలో న్యాస్. 2017 నవంబర్ 13న, 2021 నవంబర్ 12న జరిగింది. రెండోసారి 720 జిల్లాల్లో సుమారు 34 లక్షల మంది పిల్లలు రాశారు. తర్వాత పేరు మార్చుకుని పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌గా 2024 డిసెంబర్ 4న వచ్చింది. ఈసారి మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు, 781 జిల్లాల్లో, 21 లక్షలకు పైగా పిల్లలకు. ప్రశ్నలన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే. సర్వేకు నెల ముందు నుంచే బళ్లలో మాదిరి ప్రశ్నపత్రాలు, నమూనా ఓఎంఆర్ షీట్లు తిరుగుతాయి. వృత్తాన్ని గీత దాటకుండా నింపడం కూడా ఒక పాఠమైపోతుంది.

ఇంటి దగ్గర జరిగేది అసర్. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తోంది. చదవడం వచ్చో లేదో చూడటానికి అసర్ చేతిలో ఉండేది ఒకే ఒక్క కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా ఒకటి, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. వలంటీరు పిల్లవాడి పక్కన అరుగు మీదో చాప మీదో కూర్చుని ముందు పేరా చదవమంటాడు. తడబడకుండా చదివితే కథ చేతికిస్తాడు. చదవలేకపోతే పదాలకు, అదీ రాకపోతే అక్షరాలకు దిగుతాడు. ఏ మెట్టు దగ్గర ఆగితే అక్కడ గుర్తు పెడతాడు. కాపీ కొట్టడానికి పక్క బెంచీ లేదు. ఊహించి టిక్కు పెట్టడానికి ఆప్షన్లూ లేవు.

రెండింటి ఫలితాలూ కలవవు. డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో అనే ఇద్దరు పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో న్యాస్ సగటులు అసర్ కంటే, మరో స్వతంత్ర కుటుంబ సర్వే కంటే బాగా ఎక్కువగా ఉన్నాయని, రాష్ట్రాల వరస కూడా పెద్దగా పొంతన కుదరడం లేదని తేల్చారు. ఇంతగా ఎడముఖం పెడముఖంగా ఉండే ఈ రెండు సర్వేలూ తెలంగాణ చిన్న తరగతుల విషయంలో మాత్రం ఒకే దిక్కు చూపించాయి. 2021 న్యాస్‌లో తెలంగాణ మూడో తరగతి సగటులు జాతీయ సగటు కంటే కింద ఉన్నాయి. అసర్ 2022లోనూ 2024లోనూ తెలంగాణ పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. దేశం మొత్తం మీద ఆ అంకె ఆ రెండేళ్లలో 16.3 శాతం నుంచి 23.4 శాతానికి పెరిగింది.

తెలంగాణ విద్యాశాఖ ఊరికే కూర్చోలేదు. 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తొలిమెట్టు మొదలుపెట్టింది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రాని పిల్లలను గుర్తించి, వాళ్ల స్థాయి నుంచే పాఠం చెప్పాలన్నది దాని ఉద్దేశం. అదే 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు అచ్చయ్యాయి. ఒకే ఏడాది చదువు రాని పిల్లవాడికి తెలుగు అక్షరాలు గట్టిపరచాలి, గణితం ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఆ పిల్లవాణ్ని తర్వాత ఏ భాషలో కొలవాలి, ఒక భాషలో వచ్చిన తగ్గుదలను ఏ విధానం ఖాతాలో వేయాలి అన్నది ఇప్పటిదాకా వచ్చిన ఏ సూచీ విడదీసి చూపించలేదు.

తొంభై రెండు శాతం

రాష్ట్రంలో అందరికీ తెలిసిన కొలత మాత్రం పదో తరగతి ఉత్తీర్ణత. 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. ఫలితాల రోజు మంత్రి నోట వినిపించే మొదటి మాట జిల్లాల ర్యాంకులే. 2024లో నిర్మల్ 99.05తో మొదటిది, వికారాబాద్ 65.10తో చివరిది. 2025లో మహబూబాబాద్ 99.29తో ముందుంటే వికారాబాద్ 73.97తో మళ్లీ చివరే. కానీ ఒక్క ఏడాదిలో దాదాపు తొమ్మిది శాతం పాయింట్లు పెరిగిన జిల్లాకు ఆ పెరుగుదల తాలూకు గుర్తింపు రాలేదు. జాబితాలో అట్టడుగు అన్న మాటే మిగిలింది.

మూడో తరగతిలో పదిమందిలో ఒకరు కూడా చదవలేని చోట పదో తరగతిలో నూటికి తొంభై మంది ఎలా గట్టెక్కుతున్నారు? పదో తరగతి అంకెలో ప్రైవేటు బళ్ల పిల్లలూ ఉన్నారు, కాబట్టి రెండూ ఒకే పిల్లల గురించి కావు. ఆ మినహాయింపు ఇచ్చాక కూడా అంతరం అంతరమే. సబ్జెక్టుకు నూటికి ఇరవై మార్కులు బడే వేసే ఇంటర్నల్స్. వీటిని ఎత్తేస్తూ 2024 నవంబర్‌లో ఉత్తర్వులిచ్చిన ప్రభుత్వం, ఏడాది మధ్యలో ఇదేమిటన్న గోల రేగడంతో ఆ ఏటికి కొనసాగించింది. సంక్రాంతి దాటాక ప్రత్యేక తరగతులు, వెనకబడ్డ పిల్లలను టీచర్లు తలా ఇంతమంది చొప్పున దత్తత తీసుకోవడం, సాయంత్రం అల్పాహారం, రోజువారీ స్లిప్ టెస్టులు. ఉత్తీర్ణతకు కావలసిన ముప్పై అయిదు మార్కుల చుట్టూ బడి మొత్తం తిరుగుతుంది. ఈ శ్రమ పిల్లలకు మేలు చేయదని ఎవరూ అనలేరు. ఆరో తరగతిలో చేరినప్పుడే కూడికలు రాని పిల్లవాడి కోసం ఆ మూడు నెలల పట్టుదల నాలుగేళ్ల ముందే ఎందుకు మొదలుకాలేదన్నదే ప్రశ్న. అప్పుడు అతని గురించి ఎవరూ లెక్క అడగలేదు, అందుకే.

శాలువాల సీజన్

గుర్తింపు మన దగ్గర ప్రధానంగా టీచర్లకూ టాపర్లకూ దక్కుతుంది. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు 1958 నుంచి ఉన్నాయి. ఒకప్పుడు ఏటా మూడు వందల మందికి పైగా ఇచ్చేవారు. 2018లో పద్ధతి మార్చి, టీచర్లే ఆన్‌లైన్‌లో పేరు పెట్టుకునే వీలు కల్పించి, సంఖ్యను 45కు కుదించారు. సెప్టెంబర్ 5న రాష్ట్ర, జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయులకు శాలువాలు కప్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో జగనన్న ఆణిముత్యాలు పేరుతో ప్రభుత్వ విద్యాసంస్థల పది, ఇంటర్ టాపర్లను సన్మానించారు. వీటిలో ఒక బడి మొత్తంగా, అందులోని వెనక బెంచీతో సహా, ఎంత కదిలిందన్నది లెక్కకు రాదు.

బడికే ఇచ్చిన గుర్తింపుల్లో ఎక్కువ పేరు తెచ్చుకున్నది స్వచ్ఛ విద్యాలయ పురస్కారం. తాగునీరు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుక్కోవడం, నిర్వహణ వంటి వాటిపై ప్రశ్నలుండేవి. బడి తానే యాప్‌లో జవాబులు, ఫొటోలు పెట్టాల్సి ఉండేది. దాన్ని బట్టి నక్షత్రాలు. 2021-22లో దేశవ్యాప్తంగా 8.23 లక్షల బళ్లు పాల్గొంటే జాతీయ స్థాయికి 39 ఎంపికయ్యాయి. మహారాష్ట్ర 2023-24లో ‘ముఖ్యమంత్రి మాఝీ శాళా, సుందర్ శాళా’ పోటీ నడిపింది. 2022లో మొదలైన పీఎం శ్రీ పథకం 14,500 బళ్లను పోటీ పద్ధతిలో ఎంచుకుని ఆదర్శ పాఠశాలలుగా తీర్చిదిద్దుతానంది.

సౌకర్యాల మీద పెట్టే ఖర్చు కళ్లకు కనబడుతుంది, కాబట్టి గుర్తింపూ అటే పోతుంది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు మన బడి’ 26,065 బళ్లకు 7,289.54 కోట్ల రూపాయల అంచనాతో పన్నెండు అంశాలు పెట్టుకుంది: మరుగుదొడ్లు, కరెంటు, నీళ్లు, ఫర్నిచర్, రంగులు, ప్రహరీ, వంటగది, అదనపు గదులు వగైరా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు కూడా ఇదే బాట. శంషాబాద్ పరిసరాలకు ఇలాంటి ప్రారంభోత్సవాలు కొత్త కాదు. ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2023 అక్టోబర్ 6న విమానాశ్రయానికి దగ్గర్లోని రావిర్యాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే మొదలైంది. ప్రభుత్వం మారాక యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు 2024 అక్టోబర్ 11న శంకుస్థాపన జరిగింది షాద్‌నగర్ పక్కన కొందుర్గులో. అన్నమూ కావాలి, గదులూ కావాలి. వాటిని లెక్కపెట్టడం తేలిక కూడా. చిక్కల్లా, లెక్కపెట్టడం తేలికైనవే పనితీరుగా చలామణీ కావడంలో ఉంది.

తెలుగు నేల మీద జరిగిన ప్రయోగాలు

బడిని కొలిస్తే, కొలిచి బహుమతిస్తే, చదువు బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు ప్రపంచంలో బాగా పేరుపడ్డ జవాబుల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇక్కడి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ప్రయోగం మొదలుపెట్టారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. మొత్తం 500 బళ్లు. వంద బళ్లలో ఒక్కో టీచరుకు తన పిల్లల పురోగతిని బట్టి బోనస్, ఇంకో వందలో టీచర్లందరికీ కలిపి బోనస్, మరో వందకు అదనపు టీచరు, మరో వందకు నగదు గ్రాంటు, చివరి వంద పోలిక కోసం.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. పరీక్ష పెట్టింది బడి కాదు, బయటి సంస్థ. బోనస్ లెక్కగట్టింది ఆఖరి మార్కును బట్టి కాదు, మొదటి పరీక్ష నుంచి చివరి పరీక్షకు పిల్లలు ఎంత ఎదిగారన్నదాన్ని బట్టి. రెండేళ్ల తర్వాత చూస్తే బోనస్ బళ్ల పిల్లలు పోలిక బళ్లవారి కంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ మెరుగ్గా రాశారు. బోనస్ ఖర్చు చూస్తే సగటున టీచర్ల జీతంలో మూడు శాతం చుట్టుపక్కలే.

దీని పక్కనే జరిగిన ఇంకో అధ్యయనం గురించి అంతగా మాట్లాడుకోరు. అక్కడ టీచర్లకు డబ్బు ఇవ్వలేదు. ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రాసిన నివేదిక ఇచ్చారు, అప్పుడప్పుడు బళ్లకు వెళ్లి చూశారు. పరిశీలకులు ఉన్నప్పుడు టీచర్లు చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. సమాచారం ఇచ్చేసి, తనిఖీ చేసేసి, మిగతాది దానంతటదే జరుగుతుందనుకునే ప్రతి డ్యాష్‌బోర్డుకూ ఇది హెచ్చరికే.

బడి మూల్యాంకనం, మెరుగుదల ప్రణాళికల సంగతి ఇంకా సూటిగా తేలింది. కేంద్రం 2015లో తెచ్చిన శాలాసిద్ధిలో ఏడు విభాగాలు, 46 ప్రమాణాలు. బడి తనకు తాను స్థాయిలు వేసుకుని, మెరుగుదల ప్రణాళిక రాసుకోవాలి. బడిని అంచనా వేసి మెరుగుదల ప్రణాళిక రాయించే ఇలాంటి పద్ధతిని మధ్యప్రదేశ్‌లో మురళీధరన్, అభిజీత్ సింగ్ పరీక్షించారు. ప్రణాళికలు చక్కగా తయారయ్యాయి, కాగితాలు నిండాయి. బడి నడకలోగానీ పిల్లల చదువులోగానీ మార్పు కనబడలేదు. అయినా అందరికీ విజయంగానే తోచింది, పథకం దేశమంతా పాకింది.

పరీక్ష ఎవరు పెడితే ఏమిటన్నదానికి అభిజీత్ సింగ్ మరో అధ్యయనం జవాబిచ్చింది. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షలో పాసైన పిల్లలకు బయటివాళ్లు అవే ప్రశ్నలు మళ్లీ ఇస్తే పెద్దసంఖ్యలో తప్పులు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కాగితం మీద పెట్టిన పరీక్షల కంటే ట్యాబ్‌లో పెట్టినవి పిల్లల అసలు స్థాయికి బాగా దగ్గరగా వచ్చాయి. తెలుగు రాష్ట్రం ఒకటి ఈ మందును తన సొంత బళ్ల మీదే పరీక్షించి చూసిందన్నమాట.

బయటి దేశాలూ ఇవే గుంటల్లో పడి లేచాయి. అమెరికాలో 2002 నాటి చట్టం ప్రతి బడినీ పరీక్ష మార్కులతో కట్టేశాక, అట్లాంటాలో టీచర్లు, ప్రిన్సిపాళ్లు పిల్లల జవాబు పత్రాలు చెరిపి సరిదిద్దిన కుంభకోణం బయటపడింది. 2011 నాటి రాష్ట్ర విచారణలో 44 బళ్లలో 178 మంది పేర్లు వచ్చాయి. 2015లో 11 మంది దోషులుగా తేలారు. ఇంగ్లండ్‌లో బడి మొత్తానికి ఒకే మాటతో తీర్పు చెప్పే, తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ పద్ధతిని, ఒక ప్రధానోపాధ్యాయురాలి ఆత్మహత్య రేపిన ఆవేదన తర్వాత, 2024 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. అదే ఇంగ్లండ్‌లో ప్రోగ్రెస్ 8 అనే కొలత మాత్రం మెచ్చుకోదగ్గది. పదకొండేళ్ల వయసులో పిల్లవాడు ఎక్కడున్నాడో చూసి, పదహారేళ్లకు ఎంత ముందుకొచ్చాడో లెక్కిస్తుంది. కోవిడ్ వల్ల చిన్నతరగతి పరీక్షలు రద్దయిన బ్యాచ్‌కు 2024-25లో ఆ లెక్క వేయలేకపోయారు. తొలి కొలత లేకపోతే తుది కొలతకు విలువ లేదని వాళ్లు ఒప్పుకున్నట్టే.

మే నెలలో వెళ్లిపోయే పిల్లలు

శంషాబాద్ ప్రాంతంలో ఈ ‘ఎక్కడి నుంచి’ అన్న ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 2008లో విమానాశ్రయం తెరుచుకున్నాక, ఔటర్ రింగు రోడ్డు వచ్చాక, గోదాములు, హోటళ్లు, వెంచర్లు, కట్టడాలు పెరిగాయి. పనికి పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. కాస్త స్తోమతున్నవాళ్ల పిల్లల్ని తీసుకెళ్లడానికి తెల్లారగానే ప్రైవేటు స్కూళ్ల పసుపు బస్సులు బారులు తీరతాయి. సర్కారు బడిలో మిగిలేది ఎక్కువగా ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు, ఏడాది మధ్యలో చేరినవాళ్లు, చెల్లెల్ని చూసుకోవడానికి వారంలో రెండు రోజులు మానేసేవాళ్లు. ఈ బడి సగటును ప్రవేశపరీక్ష రాసి వచ్చిన గురుకులం పిల్లల సగటుతో ఒకే పట్టికలో పెట్టడం ఏ లెక్కన చూసినా అన్యాయం.

రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల సంగతి ఇంకా తేటగా చూడొచ్చు. వాళ్లు పంటలు అయిపోయాక చలికాలం మొదట్లో వస్తారు, వానలకు ముందు వెళ్లిపోతారు. యూడైస్‌కు ఏళ్ల తరబడి ఆధార తేదీ సెప్టెంబర్ 30. అంటే పిల్లవాడు ఇక్కడికి చేరేసరికి ఇక్కడి లెక్క ముగిసి ఉంటుంది. బట్టీ దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే పనిస్థల బడులను సమగ్ర శిక్షా కింద నడిపిన అనుభవం రాష్ట్రానికి ఉంది. అక్కడ ఆర్నెల్లు కష్టపడి ఒక పిల్లవాడికి చదవడం నేర్పిన వలంటీరు పని ఏ రాష్ట్రం సూచీలోనూ ఒక్క మార్కు కూడా కలపదు.

ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ పెన్ ఉంది కాబట్టి ఈ అడ్డంకిని దాటడం సాంకేతికంగా సాధ్యమే. పిల్లవాడు ఏ బడిలో ఎన్ని నెలలున్నాడో, చేరినప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడో, వెళ్లేటప్పుడు ఏ స్థాయిలో ఉన్నాడో పట్టుకోవచ్చు. దాన్ని బట్టి బడికి వచ్చే గుర్తింపు ‘నూటికి నూరు శాతం’ బ్యానరు కంటే నమ్మదగ్గదిగా ఉంటుంది. అమెరికా 1982 నుంచి 2025 దాకా నడిపిన బ్లూ రిబ్బన్ పురస్కారాల్లో రెండు దారులుండేవి: మొత్తం మీద ముందున్న బళ్లకు ఒకటి, వెనకబడిన వర్గాల పిల్లలకూ మిగతావాళ్లకూ మధ్య అంతరం తగ్గించిన బళ్లకు ఇంకొకటి. రెండో దారి మన జిల్లా అవార్డుల్లో పెడితే, శాలువా కప్పించుకునే హెడ్మాస్టర్ల జాబితా మారిపోతుంది.

దీనికి కావలసిన సంస్థ కూడా కాగితం మీద సిద్ధంగా ఉంది. బళ్లు నడిపే శాఖే వాటిని నియంత్రించి మార్కులూ వేసుకుంటే ప్రయోజనాల ఘర్షణ వస్తుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పి, ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర పాఠశాల ప్రమాణాల సంస్థ పెట్టమంది. తెలంగాణ 2024లో ఆకునూరి మురళి అధ్యక్షతన విద్యా కమిషన్ నియమించింది. కమిషన్ల నివేదికలు రావడానికి, వాటిపై జీఓలు రావడానికి సమయం పడుతుంది. ఈలోగా చేయగలిగింది చిన్నదే: తొలిమెట్టు పరీక్షల్లో మండలానికి కొన్ని బళ్లను చీటీ తీసి ఎంచుకుని, పక్క మండలం వాళ్లో, డైట్‌లో టీచరు శిక్షణ పొందే విద్యార్థులో వచ్చి, పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎదుట కూర్చోబెట్టుకుని మళ్లీ చదివించి చూడటం. బడి వేసుకున్న మార్కుకూ బయటివాళ్లు వేసిన మార్కుకూ ఉన్న తేడాను ఆ బడికే ముందు చెప్పాలి, ఎవరినీ శిక్షించకూడదు. ఆ వెంటనే చదవలేని పిల్లల కోసం అదనపు మనిషిని పంపాలి. నివేదిక ఒక్కటే ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో మన నేల మీది ప్రయోగమే చెప్పింది. జూన్‌లో బడి తెరిచిన మొదటి నెలలో ఒకసారి, బట్టీల పిల్లలు వచ్చాక జనవరిలో మరోసారి ఈ పని జరిగితే, ఏడాది చివర శంషాబాద్ మండలం ఎంత కదిలిందో చెప్పడానికి బయటివాళ్లు కొలిచిన ఆధారం ఒకటి ఎంఈఓ బల్ల మీద ఉంటుంది.